మావయ్య టోపీ ఎత్తిన రోజు

ఇందుమూలంగా వన్ టౌన్ వాసులందరికీ తెలియజేయడమేమనగా, మా సందు మొదట్లో ఉన్న టిఫిన్ కొట్టు ఇడ్లీ పాత్రలో ఇకమీదట ఇడ్లీలు తప్ప మరేదీ ఆవిరి పట్టబడదు. సిటీ బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటు ఎవరైనా వాడుకోవచ్చు. సముద్రపు గాలి కూడా ఇకనుంచి ఎవరి తిట్లకీ జడవకుండా తన ఇష్టం వచ్చినట్టు వీచుకోవచ్చు. మా మావయ్య పోయాడు.

పోయిన మంగళవారం పొద్దున్న, ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మంచం మీద కూడా టోపీ తియ్యలేదు. నర్సులు చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి ఆక్సిజన్ గొట్టం టోపీ రిబ్బనుకే దోపి వదిలేశారు.

నాకు మంచి మాటలు రాయడం చేతకాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పుడు మా నాన్న గుమ్మం ఎక్కనివ్వకపోతే, పోర్టు గేటు దగ్గర బడ్డీకొట్టు పెట్టించి నన్ను బతికించింది మావయ్యే. ఈ నోటి దురుసు కూడా ఆయన పెట్టిన భిక్షే. అందుకని ఆయన నేర్పిన భాషలోనే ఆయన్ని తలుచుకుంటాను. టోపీ పెట్టడం అనే మాట మీద జోకులు మాత్రం వెయ్యను. అవి మా సందులో ఆయన బతికుండగానే అరిగిపోయాయి.

ఆ టోపీని ఫెడోరా అంటారు. ఉన్నిని నొక్కి చేసిన మెత్తటి ఫెల్టు. నడినెత్తిన పొడుగునా ఒక సొట్ట, ముందువైపు అటూ ఇటూ రెండు వేళ్లతో గిల్లినట్టు చెరొక గుంట, చుట్టూ నల్ల రిబ్బను, కింద వెడల్పాటి అంచు. ముందు అంచు దించాలి, వెనక అంచు ఎత్తాలి, అది రూలు. మొట్టమొదట దాన్ని ఎక్కడో పరదేశంలో నాటకం ఆడే ఒక దొరసాని పెట్టుకుందట. ఆడవాళ్లు ఎగబడ్డారు. తర్వాత మగాళ్లు లాక్కున్నారు. ఆ పైన రాజులు పెట్టుకున్నారు, రౌడీలు పెట్టుకున్నారు. మన పాత సినిమాల్లో దొంగ బంగారం ఓడలో తెచ్చి దింపేవాడికీ అదే టోపీ, వాణ్ణి పట్టుకోవడానికి మారువేషంలో వచ్చే పోలీసుకీ అదే టోపీ. ఈ చరిత్రంతా మావయ్య నా కొట్టు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకి చెప్పేవాడు. ఒకసారి అత్త విని, మొదట ఆడాళ్లదే అయితే ఇటిచ్చీమంది. ఆ పూట మావయ్య అన్నం తినలేదు.

ఇంతకాలం ఆ టోపీ ఫ్యాషను ఎందుకు చావలేదని అడిగితే ఒకటే జవాబు. "సగం మొకం నీడలో ఉంటే ఏ ఎదవైనా హీరోలాగే ఉంటాడ్రా అల్లుడూ." ఆయన్ని చూస్తే నిజమే అనిపించేది. మిగతా సగం కూడా నీడలో ఉంటే ఇంకా బాగుండేది.

కొన్నప్పుడు అది తెల్లటి టోపీ. మా వన్ టౌన్ గాలిలో ఎగిరే బొగ్గు దుమ్ము దాన్ని నెమ్మదిగా బూడిద రంగులోకి దింపింది. మావయ్య మాత్రం ఇంపోర్టెడ్ గ్రే అనేవాడు. వానాకాలం ఉప్పు గాలికి ఫెల్టు మెత్తబడి, చారులో నానిన అప్పడంలా చెవుల మీద వేలాడేది. అప్పుడు టిఫిన్ కొట్టుకి పోయి, ఇడ్లీ పాత్ర మూత తీయించి, ఆవిరి పట్టి, వేళ్లతో గుంటలు నొక్కి, స్టీలు గిన్నె మీద బోర్లించి ఆరబెట్టేవాడు. రెండు వీధుల అవతల నుంచి పిండి వాసన వస్తే కుక్కలకి తెలిసిపోయేది, పెద్దమనిషి వస్తున్నాడని.

దాన్ని తనకి ఒక ఓడ కెప్టెన్ స్వయంగా తన నెత్తి మీంచి తీసి పెట్టాడని చెప్పేవాడు. అబద్ధం. ఓడల వాళ్లు అమ్ముకుపోయిన పాత సామాను దొరికే కొట్టు ఒకటి మా వన్ టౌన్‌లో ఉండేది, అక్కడ కొన్నాడు. ఎందుకు కొన్నాడో అత్త చెప్పింది.

అత్తది ఎలమంచిలి. కాపురానికి వచ్చిన కొత్తలో, ఓడ సరుకు లెక్కరాసే గుమస్తాగా ఉన్న మొగుడికి క్యారేజీ పట్టుకుని పోర్టు గేటు దాకా వెళ్లింది. లోపలి నుంచి ఒక ఓడ ఆఫీసరు వస్తూ, ఎదురైన ఆడమనిషిని చూసి, టోపీ అంచు రెండు వేళ్లతో పట్టి, కాస్త ఎత్తి దించి, తన దారిన తను పోయాడు. అంతే. పుట్టాక తనకి ఒకరు మర్యాద చెయ్యడం అత్తకి అదే మొదటిసారి. సందులో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. గుమస్తాలు మావయ్యని ఏడిపించారు. మీ ఆవిడకి దొర దండం పెట్టాడంట కదా అన్నారు. ఆ వారమే టోపీ ఇంటికొచ్చింది.

మొదటి రోజు అత్త మొహానికి పౌడరు రాసుకుని గుమ్మంలో నిలబడింది. మావయ్య టోపీతో వచ్చాడు. చేయి పైకి లేవలేదు. ఓపాలి ఎత్తొచ్చు కదా అని అడిగేసింది, పాపం.

"నువ్వేటి, ఓడ దొరసానివా? పక్కకి తప్పుకో. చారు సల్లారిపోతంది."

ఆ తర్వాత అత్త జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, ఆ కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. మావయ్యకి ఎత్తడం రాక కాదు. బ్యాంకులో కూచునే అమ్మాయికి ఎత్తాడు. పోర్టు ఆఫీసరు భార్యకి ఎత్తాడు, ఆవిడ చేతిలోని కుక్కపిల్లకి విడిగా ఇంకోసారి ఎత్తాడు. ఎలమంచిలి స్టేషన్లో టీ అమ్మే ఆవిడకి ఎత్తుతుంటే నా కళ్లతో చూశాను. పక్కనే అత్త బియ్యం సంచి మోస్తోంది.

అత్త ముందర ఎలా ఎత్తడో చూద్దామని ఒకసారి ఫిషింగ్ హార్బరు నుంచి చిన్న పీతని తెచ్చి టోపీలో వేశాను. మావయ్య చూసుకోకుండా పెట్టేసుకున్నాడు. పీత పట్టుకుంది. కళ్లలో నీళ్లు వచ్చాయి, మెడ నరాలు ఉబ్బాయి, చేయి మాత్రం టోపీ దగ్గరికి పోలేదు. ఎదురుగా అత్త నిలబడి ఉంది మరి. వీధి చివరిదాకా అలాగే నడిచి, మలుపు తిరిగాక తీశాడు. పంతమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

కిందటి చలికాలం ముగ్గురం బీచికి వెళ్లాం. పెళ్లి ఫొటోలు తీసుకుంటున్న కుర్రాడొకడు అదే రకం టోపీ పెట్టుకుని, ఫొటోగ్రాఫరు చెప్పగానే పెళ్లికూతురికి ఎత్తాడు. ఈ కాలం పిల్లలకి కూడా దాని మీద మోజు పోలేదని మావయ్య సంబరపడ్డాడు. తర్వాత, అంచు ఎనక్కి తిప్పేసినాడు సన్నాసి అని గొణిగాడు. అత్త ఇసకలో కూచుని, వాళ్లు కారెక్కేదాకా చూస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ఆఖరి రోజు అత్త నన్ను వరండాలోకి పిలిచింది. "నానడిగితే కసురుతాడు. నువ్వడుగు. ఓపాలి ఎత్తమను. బంగారం అడిగేనేటి?"

అడిగాను. మావయ్య చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఎత్తనోణ్ణి. ఇప్పుడెత్తితే ఓడిపోయినట్టు కాదేట్రా?"

డాక్టరు ఏదో ఇంజెక్షను రాస్తే అత్త కింద మందుల షాపుకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. ఆవిడ ఏడవలేదు, మంచం వైపు చూడనైనా చూడలేదు. నా చొక్కా పట్టుకుంది.

"ఎత్తేడా?"

ఎత్తేడత్తా అన్నాను. నువ్వు మెట్ల వైపు పోతుంటే నీ వీపు చూసి, రెండు వేళ్లతో అంచు పట్టి, ఎత్తి దించేడు అన్నాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు నవ్వింది. అప్పుడు ఏడ్చింది.

శ్మశానంలో టోపీ కూడా చితి మీద పెట్టమన్నారు బంధువులు. అత్త ఇవ్వలేదు. ఇప్పుడది గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. పలకరించడానికి వచ్చినవాళ్లకి దాన్ని చూపించి ఆ సంగతి చెబుతోంది. చెప్పిన కొద్దీ పెరుగుతోంది కూడా. నిన్నటికి మావయ్య మంచం మీద లేచి కూచుని, నవ్వుతూ ఎత్తాడు.

ఇది ఎవరైనా మా అత్తకి చదివి వినిపిస్తుంటే, దయచేసి ఇక్కడ ఆపి, అయిపోయిందని చెప్పండి. ఆవిడకి చదువు రాదు, మీ మాట నమ్ముతుంది.

ఎత్తాడన్నది నేను పుట్టించిన మాట. అత్త చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడకుండా పోయాక మావయ్య, ఎల్లిపోనాదా అని అడిగాడు. వెళ్లింది, ఇప్పుడైనా ఎత్తు, నేను చెప్తాను అన్నాను. రెండు వేళ్లు అంచు దాకా వెళ్లాయి. అంచుని కళ్ల మీదికి లాక్కున్నాడు. చేయి పక్కకి జారిపోయింది. ఆ తర్వాత అంచు చిన్నగా లేస్తూ, పడుతూ ఉంటే నేను ఆశగా చూస్తూ నిలబడ్డాను. పైన ఫ్యాను తిరుగుతోంది.