ఫ్లైఓవర్ల మీద నేర్చుకున్న కొండ

ఎల్బీనగర్‌లో కొండలు లేవు. ఉన్న ఎత్తులన్నీ సిమెంటువే. అందుకని అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ రోడ్డును నేను మా ఇంటికి దగ్గరి ఫ్లైఓవర్ మీద సాధన చేశాను.

ఇదంతా అక్క కోసం. మా అక్క చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. మూడేళ్ల కిందట వానలో మెట్ల మీద జారి మోకాలి లిగమెంటు తెంచుకుంది. ఆపరేషన్ తర్వాత నడక వచ్చింది కానీ, ఎక్కడం అనే మాటే ఆమె జీవితంలోంచి పోయింది. మెట్రోలో లిఫ్టు, కోచింగ్ సెంటర్లో కింది అంతస్తు క్లాసులు, గుట్ట మీద గుడి ఉంటే కింద చెప్పుల దగ్గర కాపలా. సైకిల్ తొక్కడం మంచిదే కానీ ఎత్తుల్లో మోకాలి మీద బలం పెట్టొద్దని డాక్టర్ చెప్పాడు.

అప్పుడు నాకు ఎలక్ట్రిక్ సైకిల్ గుర్తొచ్చింది. పెడల్ తిప్పుతుంటే చాలు, వెనుక చక్రంలోని మోటారు మిగతా బలం ఇస్తుంది. రెండు సైకిళ్లు కొన్నాం, ఒకటి అక్కకు, ఒకటి నాకు. బావ కారులో వెనుక వస్తానన్నాడు. బావది రాజమండ్రి. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్‌లో పదేళ్లుగా ఉన్నా ఆయన మాట గోదావరి దాటి ఇవతలికి రాలేదు.

బయల్దేరే ముందు అక్క ఒకే షరతు పెట్టింది.

"కొండ మీదికి నేనే ఎక్కుతా. మధ్యల కార్ల కూసోబెట్టిన్రనుకో, మల్ల నన్ను ఎక్కడికీ రమ్మని అడగొద్దు. గంతే."

నవ్వుతూనే అంది. కానీ ఆమె షరతులు నాకు తెలుసు. ఆ మాట మీద ఇంట్లో ఎవరూ జోకు వెయ్యలేదు, బావ కూడా.

నేను ఇన్వర్టర్లు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. పరీక్షించనిదాన్ని నమ్మను. ఘాట్ రోడ్డు మొత్తం ఎత్తును ఫ్లైఓవర్ ఎత్తుతో భాగిస్తే నూట ముప్ఫై సార్లు ఎక్కాలని తేలింది. రోజూ తెల్లవారి ట్రాఫిక్ మొదలయ్యేలోపు పదిసార్లు ఎక్కి, పదిసార్లు దిగి, ఖర్చయిన చార్జీ నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. నేను సన్నగా ఉంటాను కాబట్టి అక్కకు సరిపడేలా క్యారియర్ మీద బియ్యం సంచి కట్టాను. ఒకరోజు అక్క ఆ సంచి చూసింది.

"గీ పది కిలోలు ఎవరివిరా?"

"టెస్ట్ లోడ్ అక్కా."

"లోడ్ నేనా? అయిదు కిలోలు తీసెయ్, మంచిగ."

తీసేశాను. తర్వాత చౌరస్తా దాటాక మళ్లీ కట్టాను.

వారం గడిచాక అక్కడ డ్యూటీలో ఉండే కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఏంది తమ్మీ, రోజు ఎక్కుతున్నవ్, దిగుతున్నవ్. ఏమన్న పోగొట్టుకున్నవా పైన?"

"అరకు పోతున్న సార్."

ఆయన ఫ్లైఓవర్ వైపూ బియ్యం సంచి వైపూ చూసి, "గిట్ల పోతే జర లేటయితది," అన్నాడు.

నూట ముప్ఫై పూర్తయిన రోజు లెక్క చక్కగా కుదిరింది. ఒక్కొక్కరికి రెండు బ్యాటరీలు చాలు, ఇంకా మిగులుతుంది. పదమూడు రోజుల ఫలితాలు ఫ్రిజ్ తలుపుకు అంటించాను. బావ వాటిని కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "బావుందిరా బామ్మర్దీ. ఈ లెక్కకి కొండ ఒప్పుకుందో లేదో కనుక్కున్నావా?"

డిసెంబరులో బయల్దేరాం. కారు వెనుక సైకిళ్లు, లోపల నేను రాసుకున్న నలభై ఒక్క వస్తువులు. ఆ రాత్రి ఘాట్ కింది ఊళ్లో పడుకుని, పొద్దున్నే పొగమంచులో సైకిళ్లెక్కాం.

మొదటి అరగంట గురించి నేను ఎలా చెప్పను. రోడ్డు పైకి లేస్తోంది, కాళ్లు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో తొక్కినంత తేలిగ్గా తిరుగుతున్నాయి. మోటారు తేనెటీగలా సన్నగా మోగుతోంది. పక్కనే లోయ, లోయలో మేఘం, మేఘంలోంచి ఎక్కడో రైలు కూత. అక్క నా ముందు పోతూ ప్రతి మలుపులోనూ బెల్లు కొడుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఊరికే కొడుతోంది.

"ఎందుకక్కా బెల్లు?"

"ఉన్నది కాబట్టి."

తొమ్మిదో మలుపు తిరిగాక ఆమె మోటారు ఆగిపోయింది.

బ్యాటరీ నిండుగా ఉంది. వైర్లు సరిగ్గా ఉన్నాయి. వెనుక చక్రం మధ్యలో చెయ్యి పెడితే చురుక్కుమంది. వేడెక్కి తనను తాను ఆపుకుంది. నా సైకిల్ అక్కకిద్దామని చూస్తే, దాని మోటారు కూడా అప్పటికే చెయ్యి పెట్టనివ్వడం లేదు. రోడ్డు పక్కన నోట్‌బుక్ తెరిచి నూట ముప్ఫై గీతలూ మొదటినుంచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అక్క నా భుజం మీదుగా చూసి, క్లాసులో చివరి బెంచీవాణ్ణి అడిగే గొంతుతో అడిగింది. "ఫ్లైఓవర్ ఎక్కినంక ఏం చేసినవ్?"

"దిగిన."

"దిగినప్పుడు మోటార్ ఏం చేసింది?"

నోట్‌బుక్ మూసేశాను. ప్రతి నిమిషం ఎక్కుడుకూ ఒక నిమిషం దిగుడు. నా మోటారు నూట ముప్ఫై సార్లు విశ్రాంతి తీసుకుంది. ఇక్కడ దిగుడు ఎక్కడుంది? పుట్టి బుద్ధెరిగాక నేను ఎక్కినవన్నీ అవతలి వైపు దిగిపోయే ఎత్తులే. పైకి పోతూనే ఉండేది ఒకటుంటుందని నా లెక్కకు తోచలేదు.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. రాతి గోడ పట్టుకుని, వంగిపోయి నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను. అప్పుడే బావ కారు వచ్చి ఆగింది. ఆయన సంగతి విని తలుపు తీయబోయి, షరతు గుర్తొచ్చి మళ్లీ మూసేశాడు. ఆ మూయడంలో ఆయన మొహం చూశాను. మనిషికి భయం వేసింది. ఇక్కడ అక్క కారెక్కితే, కింద చెప్పుల దగ్గర కాపలా శాశ్వతమైపోతుంది.

పది అడుగుల దూరంలో ఒకామె మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. బావ ఆమె విసనకర్ర అడిగి తెచ్చి, గొంతుక్కూర్చుని చక్రానికి విసరసాగాడు. నేను తువ్వాలు తడిపి చుట్టాను. ఆమె లేచి వచ్చింది.

"ఏటి బాబూ, సైకిల్‌కి జొరమొచ్చిందేటి?"

"ఔనమ్మా, వందా నాలుగు," అన్నాడు బావ విసురుతూనే.

"తిరగనీండి. నిలబడితే సల్లారుతాదేటి? అల్లదిగో, కాఫీతోటలోకి బాటుంది. సానావరకు సదరంగా ఉంటాది. సుట్టూ తిరిగి పైమలుపులో కలుస్తాది."

అక్క, నేను ఒకరినొకరు చూసుకున్నాం. ఇంచుమించు చదునైన బాటలో మోటారుకు బరువు తక్కువ, గాలి మాత్రం తగులుతూనే ఉంటుంది.

అలా ఆ రోజు మేం కొండను నిటారుగా ఎక్కలేదు. రోడ్డు మీద ఒక మలుపు, తోటలో ఒక బాట. మళ్లీ మలుపు, మళ్లీ బాట. నా ప్రణాళికలో లేని దారులు అయిదు దొరికాయి. ఒకదానిలో పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద ఎర్రటి కాఫీపళ్లు మా మోచేతులకు తగులుతూ. ఒకదానిలో చక్రం సగం మునిగే సెలయేరు, అందులో అక్క ఆగి మోటారును కాక తన పాదాలను చల్లార్చుకుంది. ఒకదానిలో ఏమీ లేదు, ఎండుటాకులు తప్ప. వాటి మీద రెండు సైకిళ్లు పోతుంటే ఎవరో అప్పడాలు విరుస్తున్న చప్పుడు. దాని కోసం అక్క అదే బాటలో రెండుసార్లు తిరిగింది. వేడి కొలవడానికి నేను పట్టిక గీయబోతే పెన్ను లాక్కుంది.

"చెయ్యి పెట్టి చూడు. కాలితే బాటల తిరుగు, కాలకుంటే ఎక్కు. గింత దానికి టేబుల్ ఎందుకురా?"

బావ ప్రతి పైమలుపులోనూ కారాపి, బానెట్ మీద కూర్చుని, మేం చెట్లలోంచి బయటపడగానే లేచి నిలబడేవాడు. మూడోసారికి ఆయన కూడా హారన్ కొట్టడం మొదలుపెట్టాడు, ఏ కారణమూ లేకుండా.

గంటన్నర అనుకున్నది అయిదు గంటలైంది. చివరి ఎత్తు దగ్గర ఇక పక్కబాటలు లేవు. మోటారు గోరువెచ్చగా ఉంది. అక్క సైకిలెక్కింది. ఆమె వెనుక నేను, నా వెనుక నడక వేగంతో బావ. నేను ఆమె కుడి మోకాలినే చూస్తున్నాను. అది పైకి వస్తోంది, కిందికి పోతోంది, తొందర లేకుండా. మోటారు శబ్దం కాస్త బొంగురుపోయింది. ఇంకో ముప్ఫై గజాలు. ఇరవై. రోడ్డు మెల్లగా చదునైంది.

ఘాట్ కొసన ఉన్న గాలికొండ దగ్గర ఆమె సైకిల్ దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించింది. ముందు కొండల వరుసలు, దూరంగా వలిసె పూల పసుపు. ఆమె వాటిని ఎక్కువసేపు చూడలేదు.

"అయిపోయిందా? ఇంక పైకి లేదా?"

"లేదు మేడం. ఇంతకంటే పైకంటే విమానమే," అన్నాడు బావ. కారు వెనుక తలుపు తీసి పులిహోర డబ్బా వెతికాడు. "రండి, తిందురుగాని. ఆ తర్వాత కారులో దిగిపోదాం. ఎక్కడం అయిపోయింది కదా."

డబ్బా మూత తీసేలోపే అక్క లేదు. అరకు వైపు వాలులో ఆమె దుపట్టా కొస ఒకటి మలుపు తిరిగింది.

బావ చేతిలో డబ్బా అలాగే ఉంది. "బ్రేకులు చూశావా?"

"చూసిన బావా. రెండుసార్లు."

"అయితే పో. నేను తినేసి వస్తా."

నేను సైకిలెక్కాను. కింది మలుపులోంచి అక్క గొంతు వినిపించింది. "ఎక్కడున్నరు? ఇంత స్లోనా?"