కర్టెన్ల అక్క చూసిన సినిమా

కర్టెన్లు కుట్టే ఆ దుకాణంలో ఆమె అందరికీ అక్కే. బట్ట కత్తిరించి అంచులు మడిచి కుట్టడం ఆమె పని. కుట్టినవాటిని ఇళ్లకు మోసుకెళ్లి, రాడ్లు బిగించి వేలాడదీసేది ఫిట్టర్. పనిలో ఇద్దరికీ ఏ పేచీ లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచాకే మొదలయ్యేది, అదీ దెయ్యాల సినిమాల దగ్గర.

ఫిట్టర్‌కి ఆ సినిమాలంటే పిచ్చి. దొరికినదల్లా చూస్తాడు. అయినా అతని వాదన ఒకటే.

“ఏ దెయ్యమైనా మొదటిసారే అక్కా. రెండోసారి చూస్తే నవ్వొస్తుంది. ఎప్పుడొస్తుందో తెలిసిపోయాక ఇంక భయమేంటి?”

“నువ్వు చూసేవి అలాంటివిలే. పెళ్లయిన కొత్తలో మీ బావగారు నన్నొక సినిమాకి తీసుకెళ్లారు. దాన్ని వందసార్లు చూసినా అంతే.”

ఆ సినిమా ఆమె చెప్పగా చెప్పగా దుకాణంలో అందరికీ కంఠతా వచ్చేసింది. పాడుబడ్డ ఇల్లు, చెక్కమెట్లు. పై మెట్టు మీద ఒకావిడ అటు తిరిగి కూర్చుని తల దువ్వుకుంటూ ఉంటుంది. దువ్వినకొద్దీ జుట్టు ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. చివరి మెట్టు దగ్గర నిలబడ్డ పిల్ల పాదాలకు తగిలాక, ఆవిడ తల తిప్పకుండానే, “కాస్త ఈ జడ వెయ్యమ్మా” అంటుంది. అక్క అది చెబుతుంటే కుట్టుమిషన్లు ఆగిపోయేవి.

ఒకరోజు ఫిట్టర్ ఆ పాత సినిమాని ఎక్కడో వెతికి పట్టుకొచ్చాడు. యజమానురాలికి సరదా పుట్టింది. “ఆదివారం అందరూ మా ఇంటికి రండి. పెద్ద టీవీలో చూద్దాం, ఎవరి మాట నిజమో తేలిపోతుంది” అంది.

అక్క భర్తను వెంటబెట్టుకుని, గెలిచినట్టే వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. సినిమా మొదలైన కాసేపటికే ఆమె మొహం వాడిపోయింది. దెయ్యానికి తొడిగిన రబ్బరు ముసుగు మెడ దగ్గర లేచిపోయి ఉంది. దానంతటది కదిలే కుర్చీకి కట్టిన తాడు ఎవరికైనా కనిపిస్తోంది. యజమానురాలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“మెట్ల సీను రానీండి” అంది అక్క.

మెట్లొచ్చాయి. ఖాళీగా ఉన్నాయి. కిర్రుమని ఒక చప్పుడు, బరబరా ఏదో గీరుతున్నట్టు ఇంకో చప్పుడు, అంతే. ఫిట్టర్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. అప్పుడూ ఎవరూ లేరు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు, మాట పొదుపు మనిషి. మెల్లగా నోరు విప్పాడు. “మెట్లు రాగానే నువ్వు నా భుజంలో మొహం దాచేసుకున్నావు. ఇంటర్వెల్ దాకా ఎత్తలేదు.”

“మరి ఇన్నేళ్లూ నేను చెబుతుంటే ఎందుకు ఊరుకున్నారు?”

“నువ్వు చెప్పిందే బాగుండేది.”

అక్కకి తల కొట్టేసినట్టయింది. అబద్ధం చెప్పానా అని ఆ రాత్రంతా తనని తాను నిలదీసుకుంది. ఆవిడ వీపు, చీర రంగు, అన్నీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి మరి.

మర్నాడు దుకాణంలో ఫిట్టర్ వదిలిపెట్టలేదు. “అక్కా, ఆ జడ ఏ సినిమాలోది?” అని కసితీరా ఏడిపించి, కొత్తగా కట్టిన ఒక మేడ ఇంటికి కర్టెన్లు వెయ్యడానికి వెళ్లాడు. కాసేపటికే తిరిగొచ్చాడు. పై గదుల కర్టెన్లు మూట విప్పకుండా అలాగే ఉన్నాయి.

“ఏమైంది తమ్ముడూ?”

“అక్కడ చెక్కమెట్లు అక్కా. అడుగు పెట్టగానే కిర్రుమంది. పైనుంచి బరబరమని దువ్వుతున్న చప్పుడు. రబ్బరు దెయ్యం గుర్తొస్తే నవ్వుకుంటూ ఎక్కేవాణ్ణి. నీ జడావిడ గుర్తొచ్చింది.”

“రెండోసారి నవ్వొస్తుందన్నావుగా?”

“చూస్తే కదా నవ్వొచ్చేది. ఆవిడ ఏ సినిమాలోనూ లేదాయె.”

అక్కకి నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. పకపకా నవ్వి, “పద, నేను తోడొస్తా” అని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

పట్టపగలు, గోడల నిండా ఎండ. అక్కే ముందు నడిచింది. రెండు మెట్లెక్కిందో లేదో పైనుంచి బరబరమంది. ఆమె చెయ్యి కమ్మీని గట్టిగా పట్టుకుంది. “అదే అక్కా” అన్నాడు ఫిట్టర్. మరుక్షణం ఇద్దరూ వాకిట్లో ఉన్నారు.

పై కిటికీలోంచి రంగులేసే ఆయన తల బయటపెట్టాడు. చేతిలో గోడ రుద్దే గరుకు కాగితం ఉంది. “కర్టెన్లవాళ్లా? పొద్దున కూడా ఒకాయన ఇలాగే పరిగెత్తాడు. ఇంట్లో పామేమైనా ఉందా?”

ఇద్దరికీ నవ్వాగలేదు. పైకెళ్లి, ఎందుకు పరిగెత్తారో చెప్పక తప్పలేదు. అక్క మెట్ల సీను మొత్తం చెప్పింది. రంగులాయన ఊ కొడుతూ విన్నాడు, తర్వాత లేచి కిటికీ తలుపులన్నీ బార్లా తెరిచాడు.

తన పని అయిపోయినా అతను వెళ్లలేదు. డబ్బాలు సర్దుకుని ఆఖరి రాడ్డు బిగించేదాకా అక్కడే కూర్చున్నాడు. దిగేటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ముగ్గురి మధ్యా కాసేపు తేలలేదు. చివరికి అక్కను మధ్యలో పెట్టుకుని దిగారు.