మూడోసారి అడిగించుకునే ఓర్ఫా

ఓర్ఫా బ్రెక్కెకి జీవితంలో అందకుండా పోయినవన్నీ ఒకే కారణంతో పోయాయి. అడిగేవాళ్లు రెండోసారితో ఆపేశారు.

నార్త్ డకోటాలో, అందులోనూ ముత్తాతలందరూ నార్వే నుంచి ఓడెక్కి వచ్చిన నార్వాల్డ్ లాంటి ఊళ్లో, కాఫీ తాగుతారా అంటే మొదట వద్దనాలి. మళ్లీ అడిగితే "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అనాలి. ముచ్చటగా మూడోసారి అడిగాక "పెట్టేశారు గనక ఒక్క అర కప్పు పోయండి" అనాలి. ఆ తర్వాత కుండెడు తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. లార్సన్ల పెద్దల్లుడు మొదటి పిలుపుకే "ఆఁ, తెండి" అన్నాడు. ఆ మహానుభావుడికి మనవలు పుట్టినా ఊళ్లో ఇప్పటికీ "ఆ కాఫీ మనిషి" అనే పేరే తప్ప వేరే పేరు లేదు.

ఓర్ఫా ఈ విద్యలో ఊరందరినీ మించిపోయింది. చిన్నప్పుడు బళ్లో రాష్ట్ర చరిత్ర మీద నాటకం వేశారు. కొత్తగా వచ్చిన చికాగో పంతులమ్మ "గవర్నరు భార్య వేషం వేస్తావా?" అని అడిగితే ఓర్ఫా పద్ధతి ప్రకారం వద్దంది. పాపం పంతులమ్మకి ఏం తెలుసు! రెండోసారి అడిగి, మరొకర్ని పిలుచుకుంది. ఓర్ఫాకి గుడారపు బండి వెనక చక్రం వేషం దక్కింది. నాటకమంతా అట్టముక్క పట్టుకుని గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పెద్దయ్యాక పోస్టాఫీసు ఉద్యోగం కాళ్లదగ్గరికి వచ్చింది. పై ఊరి అధికారి ఒక్కసారే అడిగి వెళ్లిపోయాడు. చివరికి బడి వంటగదిలో ఎలా కుదిరిందంటే, అక్కడి పెద్ద వంటావిడ ఈ ఊరి మనిషి. మూడుసార్లు అడిగింది.

ఆ వంటగది కిటికీ దగ్గర నిలబడి ఓర్ఫా పిల్లలకి పళ్లేలు అందిస్తూ రాష్ట్ర చిహ్నాలు చెప్పించేది. పాఠాలు చెప్పమని ఆమెనెవరూ అడగలేదు, అది వేరే సంగతి. "మన పిట్ట?" మెడోలార్క్. "మన పువ్వు?" అడవి గులాబీ. "మన చేప?" పైక్. "మన పానీయం?" పాలు! అదీ చెప్తేనే పళ్లెంలో గరిటె పడేది. పురుగులు తొలిచి తొలిచి రాయైపోయిన చెట్టు మొద్దుక్కూడా మన రాష్ట్రం శిలాజమని హోదా ఇచ్చింది. పండు పేరు చోక్‌చెర్రీ. తిన్నవాడి మూతి ఆ వగరుకి సాయంత్రం దాకా మామూలు స్థితికి రాదు. ఇన్ని ఉన్నాయి కదా, మరి లెఫ్సా ఏదీ? ఓర్ఫాకి ఇదే కడుపుమంట.

లెఫ్సా అంటే ఉడకబెట్టిన బంగాళాదుంపల్ని మెత్తగా మెదిపి, కాస్త పిండి, వెన్న కలిపి, గుడ్డ కప్పిన పీట మీద కాగితంలా ఒత్తి, పెద్ద పెనం మీద కాల్చే రొట్టె. వెన్న రాసి, పంచదార చల్లి, చుట్టి నోట్లో పెట్టుకుంటే అంతే సంగతులు. చర్చి కింది గదిలో ఒకప్పుడు ఆడవాళ్లు మోచేతులు తగిలేంత కిక్కిరిసి రొట్టెలు ఒత్తేవారు. ఇప్పుడు ఒత్తేవాళ్లకి కీళ్లనొప్పులు, నేర్చుకోవాల్సినవాళ్లకి తీరిక లేదు. కొందరు బజారులో సంచుల్లో అమ్మేది కొనుక్కొచ్చి, సిగ్గులేకుండా బల్ల మీద పెడుతున్నారు కూడా! ఇలాగే పోతే తన తర్వాత లెఫ్సా అంటే ఎవరికీ తెలియదని ఓర్ఫా భయం. చిహ్నాల్లో చేరిస్తే పిట్టతో పాటు, చేపతో పాటు పిల్లలు దాని పేరూ వల్లిస్తారు. ఆమెకి ఇది నిజంగా కావాలి. డెబ్భై దాటిన ఆ మనిషి జీవితంలో ఇంతగా కోరుకున్నది ఇంకోటి లేదు.

ఒక ఆదివారం చర్చి కింది గదిలో ఆ ప్రాంతపు శాసనసభ్యుడు ఆర్విడ్ స్టోర్లీ లెఫ్సా తిని, వేళ్లకంటిన వెన్న నాక్కుంటూ, "ఓర్ఫా, దీన్ని రాష్ట్ర రొట్టె చెయ్యమని బిల్లు పెట్టేదా?" అన్నాడు.

"ఛ ఛ, ఎందుకు."

"పెడతాను మరి."

"వద్దయ్యా, నీకు లేనిపోని తిప్పలు."

"చూడు, పెట్టేస్తున్నా."

"నీకు వేరే పనేమీ లేకపోతే సరే," అంది ఓర్ఫా. ఆ వారమంతా నేల మీద నడవలేదు మహాతల్లి.

చలికాలంలో, రాజధాని బిస్మార్క్‌లో, శాసనసభ ఉండే ఆ ఎత్తైన మేడలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడి కుర్చీలో ఉన్నాయన టెక్సస్ నుంచి చమురు కోసం వచ్చి పడమటి జిల్లాల్లో స్థిరపడిన గ్యారెట్ పకెట్. బూట్లు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. తక్కినవాళ్లందరూ మనవాళ్లే. వాళ్లలో ఆర్విడ్ ఒకడు. బిల్లుకి ఎదురు చెప్పడానికి ఒటీలియా వైస్‌హార్ అనే ఆవిడ దక్షిణపు జిల్లా నుంచి తమవాళ్ల పిండి ఉండల వంటకం, క్నెఫ్లా సూపు గిన్నెతో దిగింది. వాళ్ల పెద్దలు రష్యాలో ఉండి వచ్చిన జర్మన్లు. వాళ్లు కావాల్సింది కావాలంటారు, వద్దనుకున్నది వద్దంటారు. నార్వేజియన్లకి వాళ్లని చూస్తే కాస్త దడ.

ఓర్ఫా మైకు ముందు నిలబడింది. వెనక వరసలో మొగుడు సెల్మర్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిన్నగా రొట్టె గురించి మొదలుపెడితే ఆశపోతులా ఉంటుందని ఆవిడ రాష్ట్రం పుట్టినప్పటి నుంచి ఎత్తుకుంది. ఉత్తర డకోటా, దక్షిణ డకోటా ఒకే రోజు పుట్టాయా, ఎవరు ముందో తెలియకుండా దేశాధ్యక్షుడు కాగితాలు కలిపేసి సంతకాలు పెట్టాడా... "ముందు మీరు, కాదు మీరు అనుకుంటూ పుట్టాం మనం," అంది ఓర్ఫా మురిసిపోతూ. పాత శాసనసభ మేడ కాలిపోయినప్పుడు ఒక పెద్దమనిషి కిటికీ పగలగొట్టి, చేతులు కోసుకుని రాజ్యాంగం బయటికి తెచ్చిన వైనం చెప్పింది. ఏడు నెలల్లో నలుగురు గవర్నర్లు మారిన వైనం చెప్పింది. వాళ్లలో ఒకాయన పక్క రాష్ట్రంలో ఓటేసి వచ్చినందుకు కుర్చీ పోగొట్టుకున్నాడని చెప్తుండగా పకెట్ బల్ల మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, చరిత్ర బాగానే ఉంది. రొట్టె సంగతేంటి? ఈ హోదా ఇవ్వమంటారా?"

ఓర్ఫా మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యో, వద్దులెండి," అంది.

"వద్దా?"

"మీకెందుకండీ అంత శ్రమ."

"సరే అయితే. బిల్లు కోరినావిడే వద్దంటున్నారు," అని పకెట్ కాగితాలు సర్దాడు.

ఆమె మనసులో ఏముందో గదిలో పకెట్‌కి తప్ప అందరికీ తెలుసు. ఆర్విడ్‌కి తెలుసు. తలుపు దగ్గరి కాపలావాడికి కూడా తెలుసు. కానీ కమిటీ అధ్యక్షుడి మాటకి అడ్డు తగలడం మర్యాద కాదు కదా! అందరూ బూట్లకేసి చూసుకుంటున్నారు. నాకైతే ఆ మూగనోములు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒటీలియా సూపు గిన్నె ధన్‌మని కింద పెట్టి లేచింది. "ఓరి నాయనో! ఇంకోసారి అడగవయ్యా ఆవిణ్ణి! వీళ్లు మూడోసారికి గానీ నిజం చెప్పరు. దీనికి ఎదురు చెప్పడానికొచ్చాను నేను, నాకే జాలేస్తోంది!"

పకెట్ బుర్ర గోక్కున్నాడు. "ఇదెక్కడి గోలమ్మా! డొంకతిరుగుడు మాటలొద్దు. ఒక్క ముక్కలో చెప్పండి. కావాలా, వద్దా?"

పద్ధతి ప్రకారం ఓర్ఫా 'మీకు వేరే పనేమీ లేకపోతే సరే' అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట ఈ టెక్సస్ మనిషికి మళ్లీ వద్దన్నట్టే వినిపిస్తుందేమోనని భయం వేసింది. చర్చి కింద ఖాళీ బల్లలు కళ్లముందు కదిలాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కావాలి!" అంది. అన్నది కాదు, అరిచింది. "నాకు కావాలి! చాలా కావాలి!"

ఎవరి చేతిలోదో కాఫీ ఒలికింది. ఓట్లు వేశారు. కావాలన్నవాడు పకెట్ ఒక్కడే. ఆర్విడ్ కూడా వద్దనే వేశాడు. బయట వసారాలో ఓర్ఫాకి మొహం చూపించలేక టోపీ తిప్పుతూ, "నీ వైపే ఉన్నాను ఓర్ఫా, ఒట్టు. కానీ అలా మొహమ్మీద అడిగేశాక ఎలా ఇస్తాం? బావుండదు కదా," అన్నాడు. వీణ్ణి చర్చి కింద ఇన్నేళ్లూ మేపారు చూడండి!

ఒటీలియా మాత్రం ఓర్ఫా చేతిలో సూపు గిన్నె పెట్టి, "తీసుకో. ఎన్నిసార్లు వద్దంటావో అన్నీ ఇప్పుడే అనెయ్," అంది. ఓర్ఫా ఒక్కసారైనా వద్దనకుండా తీసుకుంది.

తిరుగు దారిలో ట్రక్కులో హీటరు మోగుతోంది. రెండు పక్కలా మంచు కప్పిన పొద్దుతిరుగుడు చేలు. ఓర్ఫా ఒళ్లో గిన్నె పట్టుకుని ఏడుస్తోంది.

"నోరు జారాను. ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరగను? పుట్టి బుద్ధెరిగాక ఒకటి అడిగాను, అదీ రాలేదు."

సెల్మర్ హీటరు తగ్గించాడు. "నాకు మాత్రం బావుంది," అన్నాడు.

"ఏంటి బావుంది, నా మొహం!"

"నువ్వు కావాలనడం. ఎప్పుడూ వినలేదు. నేను పెళ్లికి అడిగినప్పుడు 'నీకు ఇంకెవరూ దొరక్కపోతే సరే' అన్నావు. అది ఒప్పుకోవడమేనని తెలుసనుకో. మనవాళ్లమే కదా. అయినా అప్పుడప్పుడూ చలికాలంలో... నిజానికి నీకే ఇంకెవరూ దొరక్క నన్ను చేసుకున్నావేమో అనిపించేది."

ఓర్ఫా ఏడుపు ఆగిపోయింది. పక్కన కూర్చున్న మనిషిని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్లూ ఈ పిచ్చిమాలోకం ఇది మోస్తూ తిరిగాడా!

"బండి ఆపు."

ఆపాడు.

"సెల్మర్, నాకు నువ్వు కావాలి."

సెల్మర్ చెవులు కందగడ్డలయ్యాయి. "అబ్బే, ఎందుకులేవే ఇప్పుడవన్నీ."

"నువ్వే కావాలి."

"పర్లేదులే, నువ్వేం శ్రమపడకు."

"చెప్తుంటే వినపడదూ? అప్పుడూ నువ్వే కావాలి, ఇప్పుడూ నువ్వే కావాలి."

సెల్మర్ స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, అద్దంలోంచి మంచుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి అనవే," అన్నాడు.