చక్కెర మరిచిన చాయ్

మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ మూత తీయగానే, స్టీలు గిన్నెలో చల్లారిన అన్నం, మామిడికాయ తొక్కు కలిసిన వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు మా నాన్న గుర్తుకు రావాలి. వస్తాడు కూడా. కానీ ఆయన కంటే ముందు సుగుణ టీచర్ వస్తుంది, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, "ఆఁ, తర్వాత?" అంటూ. ఆమె పోయి ఏడాది దాటింది. అశ్వారావుపేటలో ఇంతమంది మధ్య కూర్చుని తింటున్నా, ఆ ఒక్క మాట కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆమె మా హైస్కూల్లో తెలుగు టీచర్. వారపత్రికలకు కథలు రాసేది. కొత్తగూడెంలో మా క్వార్టర్స్ వెనక సందులోనే ఉండేది. మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు. జబ్బు చేసి ఆయన పోయేనాటికి చెల్లి ఉయ్యాల్లో ఉంది. ఊహ తెలిశాక అది, "నాన్న ఎట్లుంటుండె అక్కా?" అని ప్రాణం తీసేది. ఫొటో చూపిస్తే ఊరుకునేది కాదు. అందుకే డిగ్రీ చదువుతున్నప్పుడు దానికోసం నాన్న మీద ఒక కథ రాసి టీచర్ చేతిలో పెట్టాను. "మా నాన్న ఎంతో మంచివాడు, ప్రేమమూర్తి" అని దాని మొదలు. ఆమె అక్కడే ఆగిపోయింది.

"గీయన ఎవరి నాయన?"

"మా నాన్నే టీచర్."

"ఎట్ల తెలుస్తది? ప్రేమమూర్తి అంటే నాకేం కనబడ్తలేదు బిడ్డా. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఏం జేసేటోడో జెప్పు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. కాగితాలు లాక్కుని మూతి ముడుచుకుని వచ్చేశాను. చాలా రోజులు ఆ సందు తొక్కలేదు.

చివరికి ఆమే, భద్రాచలం పోతున్నా తోడు రమ్మని కబురు పెట్టింది. పాల్వంచ దాటాక బస్సులో ఒక ముసలమ్మ ఎక్కింది. మా ముందు సీటాయన పేదలకు సాయం చేయడం గురించి బస్సంతా వినేలా ఫోన్లో చెబుతున్నాడు. ఆయన పక్క సీట్లో ఆయన సంచి దర్జాగా కూర్చుని ఉంది. అంతలో వెనక సీటాయన, "గీ ఎండల ఇంటిపట్టున ఉండక ఏడికి పోతున్నవే అవ్వా?" అని కసురుతూనే లేచి, తన సీట్లో ఆమెను కూర్చోబెట్టాడు.

టీచర్ నన్ను మోచేత్తో పొడిచింది. "చూసినవా? ఇద్దరి నోర్లు ఒక తీరుగున్నయ్, చేతలు ఇంకో తీరుగున్నయ్. మనిషి ఆ నడుమ దొరుకుతడు. మంచోడని నువ్వు రాస్తే నేను నమ్మాలె. గిట్ల చూపిస్తే, ఆ మాట నేనే అంట."

"మా నాన్న అసలు ఎక్కువ మాట్లాడేవాడే కాదు టీచర్."

"మాట్లాడకపాయె. ఏం జేసిండు?"

గోదావరి బ్రిడ్జి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ, నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చిన రోజులు తలుచుకున్నాను.

ఇంటికొచ్చి మళ్లీ రాశాను. నాన్న బాయికి తీసుకుపోయిన క్యారేజీలో ఒక ముద్ద మిగుల్చుకొచ్చేవాడు. మా కాలనీలో చాలామంది తండ్రులు అంతే. బాయిలోకి దిగి వచ్చిన అన్నం పిల్లలకెందుకో అంత రుచి. క్యారేజీ నా ఒళ్లో పెట్టి, నన్ను చూడనట్టే బూట్లు విప్పుకునేవాడు. చెల్లి పుట్టాక రెండు ముద్దలు మిగిలేవి. ఎందుకని అడిగితే, "చెల్లెకు పండ్లొచ్చేదాంక దాని ముద్ద గూడ నువ్వే తిను" అన్నాడు. దానికి పళ్లు వచ్చేదాకా ఆయన లేడు.

ప్రేమ అనే మాట ఎక్కడా రాయలేదు. టీచర్ చివరిదాకా చదివింది. బాగుందని అనలేదు. లేచి వంటింట్లోకి పోయి, చాలాసేపటికి చాయ్ తెచ్చింది. అందులో చక్కెర లేదు. తన గ్లాసు మొత్తం తాగినా ఆమెకు ఆ సంగతి తెలియలేదు. నేనూ చెప్పలేదు.

ఆ కథ చదివి చెల్లి, "అయితే నా ముద్ద నువ్వే తిన్నవా?" అని నాతో కొట్లాటకు దిగింది. ఆనక నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. నాన్న దానికి అందిన రోజు అదే.

ఇవాళ నేను తినకుండా కూర్చోవడం చూసి, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏమైందని అడిగింది. మా టీచర్ గుర్తొచ్చిందన్నాను.

"ఎట్లాంటి మనిషి మేడమ్ ఆమె?"

చాలా మంచి మనిషి అనబోయి నాలుక కరుచుకున్నాను.

"ఒకసారి నాకు చక్కెర వెయ్యని చాయ్ ఇచ్చింది" అని మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి ముద్ద కలపడం ఆపి నా వైపు తిరిగింది.

"ఆఁ, తర్వాత?"