దోమతెరకు ఆగని నుసుములు

సౌదీలోని అల్ ఖర్జ్ సమీపంలో ఉన్న ఒక పాడి క్షేత్రంలో మేత బండ్ల పర్యవేక్షణ నా పని. నేను చదివింది మాత్రం సూక్ష్మజీవశాస్త్రం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకే నన్ను పాల పరీక్షల ల్యాబ్‌కు మార్చడానికి అధికారులు అంగీకరించినప్పుడు, చదువుకు ఇన్నాళ్లకు ఒక చోటు దొరికిందనుకున్నాను. మిగిలింది వైద్య పరీక్ష. పాల దగ్గర పనిచేసేవారి చేతులపై పుండ్లు ఉండకూడదు.

నా చేతుల నిండా పుండ్లే.

కారణం నుసుములు. మా క్యాంపు వెనుక పేడనీటి మడుగు ఉంది. పొద్దు వాలి గాలి పడిపోయిందంటే ఆ బురద గట్ల నుంచి అవి లేస్తాయి. మిరియాల పొడి రేణువంత ఉంటాయి. కుడితే నిప్పురవ్వ పడినట్టుంటుంది. దోమ రొద అయినా వినిపిస్తుంది, వీటికి అదీ లేదు. మర్నాటికి దద్దు, ఆపై దురద, గోకితే పుండు. గోకకూడదని నాకు తెలుసు. నిద్రలో నా గోళ్లకు తెలియదు.

మొదట ఇంటి నుంచి తెప్పించిన దోమతెర కట్టాను. దాని కన్నాల్లోంచి అవి సునాయాసంగా దూరాయి.

"తెర గట్టి వాటికి దావత్ ఇస్తున్నవా తమ్మీ?" అన్నాడు నా గదిలో ఉండే జగిత్యాల అన్న. నాకంటే వయసులో చాలా పెద్దవాడు.

"నవ్వకు అన్నా, అసలే మంట మీదున్న."

తరువాత వేపనూనె రాసుకొని పనికి వెళ్లాను. మేత లెక్క ఇవ్వబోతే, పాలు పితికే హాలు గుమ్మంలోనే సూపర్‌వైజర్ ఆపేశాడు. ఘాటైన వాసన పాలకు పడుతుంది కాబట్టి కడుక్కొని రమ్మన్నాడు. దుకాణంలో దొరికే పూత మందులకూ అదే నిషేధం. నియమం సరైనదే. సరైనది కావడం వల్లనే నా కోపానికి దారి లేకుండా పోయింది.

ఇక వాటి గురించి వెతికి చదివాను. అవి గట్టిగా ఎగరలేవని, కాస్త గాలి తగిలితే నిలవలేవని, తెర అయితే మరింత సన్నని అల్లికతో ఉండాలని తెలిసింది. అంత సన్నని తెర దగ్గర్లో ఎక్కడా దొరకలేదు. సాయంత్రం కాకముందే తలుపులు మూసి, పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లు తొడుక్కొని, గదిలోని స్టాండు ఫ్యానును నా మంచం వైపు తిప్పుకున్నాను. కాట్లు తగ్గాయి.

"గాలంత నీకేనా? మేం మనుషులం గాదా?" అన్నాడు అన్న.

"పరీక్ష అయ్యేదాక ఓర్సుకో అన్నా."

"సరే తీ, ల్యాబ్ సారూ. గక్కడికి పోయినంక మమ్ముల గుర్తు గూడ పట్టవు." అంటూ అతను అటు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజుల్లోనే అతని మెడ మీద దద్దులు లేచాయి. నేను చూడనట్టు ఉండిపోయాను.

క్లినిక్‌లో వైద్యుడు నా ముంజేతులను తిప్పి తిప్పి చూసి, గజ్జి కాదన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. పాత పుండ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయని, పూర్తిగా మానాక రమ్మని వెంటనే ఉర్దూలో చెప్పాడు.

అక్కడి నుంచి నేరుగా క్యాంపు ఇన్‌చార్జి దగ్గరకు వెళ్లాను. ల్యాబ్ సిబ్బంది క్వార్టర్స్ మడుగుకు చాలా దూరం. కిటికీలకు సన్న జాలీలు కూడా ఉన్నాయి. అక్కడ కొన్నాళ్లు చోటివ్వమని అడిగాను. ల్యాబ్‌లో చేరినవారికే ఇస్తామన్నాడు. చేరాలంటే చర్మం మానాలని, మానాలంటే ఆ జాలీల వెనుక ఉండాలని వీలైనంత వినయంగా వివరించాను. అంతా విని, అర్థమైందన్నట్టు తలూపి, వరుసలో నా వెనుక నిలబడినవాణ్ణి పిలిచాడు.

గదికి చేరేసరికి పొద్దు వాలుతోంది.

"ఏమాయె?" అన్నాడు అన్న.

"పుండ్లు మానినంక రమ్మన్నరు."

"అప్పటిదాక నీ కోసం ఆగుతరా?"

"నెలాఖరు దాక ఆగుతరంట. తర్వాత ఇంకొకల్లను తీసుకుంటరు."

అన్న మెడ గోక్కుంటూ ఫ్యాను వైపు, నా వైపు చూశాడు. గదిలో ఉక్కపోస్తున్నా నేను కిటికీలు మూయసాగాను.