మా ఊరి కరెంటుకు చుట్టిన మోటారు

మొన్న మా మనవరాలు డిగ్రీ పరీక్షలు ముగించుకొని వచ్చి, ఇంకా చదవాలా, ఏదైనా సర్టిఫికెట్టు కోర్సు చేయాలా, పనిలో చేరాలా అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే ఇంట్లోవాళ్లు నా పరీక్ష కథ అందుకున్నారు. ఒకరి కథలో నేను మోటారు కాల్చేశాను, ఇంకొకరి కథలో పరీక్ష పెట్టిన సారునే కాల్చబోయాను. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

డెబ్బయ్యో దశకం చివర ఇంటర్ పాసై, గార్లదిన్నెలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే అంగడిలో చేరాను. బావుల్లో నీళ్లు అడుగంటేకొద్దీ మోటార్లు కాలేవి. ఊరికి కరువు, మాకు చేతినిండా పని. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడేవాళ్లం. సెనక్కాయ వేసి వేసి విసిగిన నాయనకు నేను అనంతపురంలో బి.ఏ. చదవాలని ఆశ. మామ ఐ.టి.ఐ. అన్నాడు. అంగడి మేస్త్రీ మాత్రం, "కాగితం చూసి కరెంటు బయపడతాదా? ఈడే ఉండప్పా" అన్నాడు. నాకేమో మూడూ కావాలి. సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. మోటార్ల మీద అక్కడ ఉన్నది ఒకే పుస్తకం, దాని చివరి పుటలు చెదలు ముందే చదివేశాయి. మిగిలింది నేను మూడుసార్లు చదివాను. పని అనుభవం ఉన్నవాళ్లు ఐ.టి.ఐ.లో చేరకుండానే దాని సర్టిఫికెట్టు పరీక్ష రాయవచ్చన్న ప్రకటన కూడా అక్కడి పేపర్లోనే చూశాను. నాయన ఒప్పుకున్నాడు గానీ, "ఒక్కసారే. తప్పితే అంగడి మాని కాలేజీకి పోవాల" అన్నాడు.

అనంతపురంలో జరిగిన పరీక్షలో చిన్న మోటారుకు తీగ చుట్టమన్నారు. అందరికంటే ముందు ముగించాను. స్విచ్చి వేయగానే అది ఎనుములాగా రంకె వేసి, నిమిషాల్లో పెనంలా కాగింది. సారు దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఏం చుట్టినావు ఇది?"

అప్పుడు వెలిగింది నాకు. "మా ఊరి కరెంటుకు చుట్టినాను సార్."

"మీ ఊరి కరెంటు వేరేనా?"

వెనక ఎవరో నవ్వారు. మా పల్లెల్లో కరెంటు ఎప్పుడూ వోల్టేజీ తక్కువై నీరసంగానే వచ్చేది. ఆ కరెంటుకు కూడా మోటారు తిరగాలని మేస్త్రీ ప్రతి చుట్టలోనూ నాలుగు చుట్లు తగ్గించేవాడు. నా చేతులకు అదే అలవాటు. కరెంటు తగ్గినప్పుడు చుట్లు తగ్గించడం ఎందుకు మంచిదో, నిండు కరెంటులో అదే ఎందుకు చేటో, అక్కడి పట్నం కరెంటుకు ఎన్ని చుట్లు కావాలో బోర్డు మీద లెక్కవేసి చూపించాను.

"యాడ చదివినావు?" అన్నాడు సారు.

"గార్లదిన్నె లైబ్రరీలో సార్."

ఆయన నవ్వలేదు. "రేపు సాయంత్రం దాకా టైము. విప్పి మళ్లా చుట్టు" అన్నాడు. మరునాడు మోటారు పిల్లి గురకలా తిరిగింది. ఆయన దానిమీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. ఆ ఏడు మొదటి మార్కు నాదే. ఆ కాగితంతో, ఆ అనుభవంతో అనంతపురంలో ఒక వర్క్‌షాపులో ఉద్యోగమొచ్చింది. ఉద్యోగం చేస్తూనే బి.ఏ. కూడా ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నాయన బస్టాండులో తెలియనివాళ్లను కూడా ఆపి చెప్పినాడట.

చేతులకు పని నేర్పిన మేస్త్రీకి, పుస్తకం గడువు దాటినా గుమ్మం దగ్గర ఆపని లైబ్రేరియన్‌కు, దారి చెప్పిన మామకు, ఒక్క అవకాశమిచ్చిన నాయనకు, ఒక్క రోజిచ్చిన ఆ సారుకు నమస్కారం. మా మనవరాలికి నా జవాబు ఇంతే: ఇరవై ఏళ్లప్పుడు, తోటివాళ్లు కాలేజీలో ఉంటే నేను అంగడిలో ఉన్నానని, ఒక్క ఏడాది వెనకపడితే బతుకే పోతుందనుకున్నాను. డెబ్బైకి దగ్గరపడ్డాక వెతికితే, ఆ ఏడాది ఏదో కూడా గుర్తుపట్టలేకపోతున్నాను.