స్పీకర్ ఫోన్ పంచాయితీ

పిల్లలు అల్లరి చేస్తే వేరే ఊళ్లలో "మీ నాయన్ను పిలుచుకొని రా" అంటారు. మా వైపు చాలామంది అమ్మానాయన్లు కువైట్‌లో ఉంటే ఎవర్ని పిలిపిస్తారు? అందుకని స్టాఫ్‌రూములో సెల్లు బల్ల మీద పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, అక్కడికి ఫోన్ కలుపుతారు. అక్కడి నుంచి తల్లి తిడుతుంది, ఇక్కడ బిడ్డ తలవంచుకొని వింటుంది, టీచర్లు టీ తాగుతూ వింటారు. ప్రొద్దుటూరులో చూశాను, పులివెందులలో చూశాను, ఇప్పుడు నేను లెక్కలు చెబుతున్న జమ్మలమడుగు దగ్గరి హైస్కూల్లోనూ అదే తంతు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. పిల్ల అవ్వ దగ్గర పెరుగుతోంది. లెక్కల్లో మహా చురుకు. కోపం వస్తే మాత్రం బెంచీలు తన్నేది, పుస్తకాలు చించేది. "అమ్మో, అది పిల్లా పిడుగా!" అనేది మా సైన్సు మేడం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టీలు ప్లేటు విసిరింది. తన తరగతి పిల్లకే నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. ఆ పిల్ల తండ్రి పెద్దముడియం వైపు పెద్ద రైతు, ఊళ్లో మాట చెల్లే మనిషి. బండి దిగీ దిగకముందే అందుకున్నాడు.

"ఏంది సార్ ఇది? బడి నడుపుతాండారా, ఇంకేమన్నా నడుపుతాండారా? రేపు పొద్దున నేనొచ్చేసరికి దానికి టీసీ ఇచ్చి పంపీండి. లేకుంటే నా బిడ్డను మాన్పిస్తా. నా యెనకాల ఊరంతా మాన్పిస్తారు."

హెడ్మాస్టరు తలూపేశాడు. టీసీ చేతికిస్తే ఆ పిల్ల ఇంకో బడి గడప తొక్కదు. మర్నాటి నుంచే అవ్వ దాన్ని పత్తి చేలోకి పిలుచుకొని పోతుంది. చదువు అంతటితో సరి.

"సార్, టీసీ రాయొద్దు. ఈ పూట దాన్ని నాకు వదిలేయండి" అన్నాను. నా నోరు ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు.

"సాయంత్రం దాకే మేడం" అన్నాడు.

కోపంలో ఊగిపోతున్న పిల్లకు నీతులు చెప్పడం శుద్ధ దండగ. కొళాయి దగ్గర మొహం కడుక్కోమని పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి అదే నోరు విప్పింది.

"అది ఏమనింది తెల్సా మేడం? సార్‌తో మీ అమ్మకు ఫోన్ చేపిస్తా అనింది."

"దానికే ప్లేటు విసుర్తావా?"

"మా అమ్మ నాతో మాట్లాడ్డంల్యా మేడం. పోయినసారి సార్ స్పీకర్ పెట్టినప్పుడు, నా కడుపున చెడబుట్టినావే అనింది. ఆ పొద్దు నుంచి ఇంటికి ఫోన్ చేసినా అవ్వతో మాట్లాడి పెట్టేస్తాది."

ఆ బెదిరింపు పిల్లలకు నేర్పింది ఎవరు? మేమే కదా!

"సరే, అమ్మ సంగతి నేను చూసుకుంటా. కుట్లు పడిన పిల్ల సంగతి నువ్వు చూసుకోవాల. అది తిరిగొచ్చేదాకా దాని నోట్సులన్నీ నువ్వే రాయాల. ఆ మాత్రం చేయకపోతే నేనూ ఊరుకోను" అన్నాను. తలూపింది.

సాయంత్రం పిల్లను వెంటబెట్టుకొని పోయి, హెడ్మాస్టరు ఎదుటే నా సెల్లు నుంచి తల్లికి ఫోన్ చేశాను. ఆయన వినాలనే స్పీకర్ పెట్టాను. బడి మేడాన్నని చెప్పగానే ఏడుపు అందుకుంది.

"మళ్లా ఏం జేసినాది మేడం? దాంతో మాట్లాడాలంటేనే భయమైతాండాది, ఏం ఇనాల్నో ఏమో అని. ఈ ఇంట్లో ఏడ్చేదానికి కూడా చోటు లేదు మేడం."

"ప్లేటు విసిరిందమ్మా, ఒక పిల్లకు దెబ్బ తగిలింది. దానికి ఏం చేయాలో చేస్తున్నాం, అది మా పని. నువ్వు తిట్టొద్దు. నీ బిడ్డ ఇక్కడే ఉంది, ఊరికే మాట్లాడు."

ఆమె మెల్లగా అడిగింది. "ఏం మాట్లాడాల మేడం?"

కన్నతల్లి అడిగిన మాట అది! నాకు దుఃఖం ఆగలేదు. హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగాడు.

"ఏం తిన్నావని అడుగు తల్లీ" అని, స్పీకర్ తీసేసి సెల్లు పిల్ల చేతికిచ్చాను. అది వరండా చివరిదాకా వెళ్లిపోయింది. మేము లోపలే ఉన్నాం.

మర్నాడు పొద్దున్నే రైతు దిగాడు. "టీసీ యాడ సార్?"

"టీసీ ఇయ్యడంల్యా అన్నా" అన్నాడు హెడ్మాస్టరు. "నువ్వు ఊరంతా మాన్పించినా సరే, ఆ పిల్ల ఈడే చదువుకుంటాది."

శభాష్ అనుకున్నాను. రైతు మొహం ఎర్రబడింది. అప్పుడే ఆ పిల్ల తను రాసిన నోట్సు పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. ఆయన దాని వైపు తిరిగాడు.

"నిన్న కువైట్‌కు ఫోన్ చేసినారంట గదా. మీ అమ్మ బాగా తిట్టిందా?"

"లేదు మామా" అంది పిల్ల. "మాట్లాడింది."

ఆయన చూపు ఆ నోట్సు అట్ట మీద రాసున్న తన బిడ్డ పేరు మీద పడింది. చెయ్యి చాచి, "ఇట్లియ్యి ఆ నోట్సు, మా పాపకు ఇస్తా" అని తీసుకొని బండెక్కాడు.